నిద్రలేపే పాటల్లో నిద్రపోయేదెవరు?

మేలుకొలుపు మన సాహిత్యంలో చాలా పాత ప్రక్రియ. దేవుణ్ణి లేపే సుప్రభాతాలు, రాజుల్ని లేపే వైతాళికుల పద్యాలు, పెళ్ళిళ్ళలో పాడే మేలుకొలుపులు, అన్నమయ్య, త్యాగరాజు కీర్తనలు... వీటిమీద భక్తిపరంగా, సంగీతపరంగా వ్యాసాలు బోలెడు వచ్చాయి. భూపాలం ఎందుకు, బౌళి ఎందుకు అనేది సంగీతం తెలిసినవాళ్ళు చెప్తారు. నాకు ఎప్పట్నించో వున్న సందేహం వేరే. ఏ మేలుకొలుపులోనైనా ఒకరు పడుకుని వుంటారు. ఒకరు పాడుతుంటారు. ఆ ఇద్దరికంటే ముందే లేచి పనిలో పడ్డ మూడో మనిషి ఒకరుంటారు. ఆ మూడో మనిషి గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి పుట్టింది కాదు. మాది కొత్తపేట. రావులపాలెం నించి అమలాపురం వెళ్ళే దారిలో కొబ్బరితోటల మధ్య ఊరు. తెల్లవారుజామున అక్కడ వినిపించే చప్పుళ్ళని ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే సగానికి పైగా ఆడవాళ్ళ చేతుల్లోంచి వచ్చినవే. ఈనెల చీపురు మట్టివాకిలి మీద గీరుకునే చప్పుడు. కళ్ళాపి నీళ్ళు నేలమీద పడే చప్పుడు. బోరింగు కొట్టే చప్పుడు, బిందె నిండేకొద్దీ మారే నీళ్ళ శబ్దం. గేదె పొదుగు కింద సత్తుగిన్నెలో మొదటి ధార. కవ్వం. ఇప్పుడైతే మోటారు, మిక్సీ, కుక్కరు కూత. వీటిని మనం సంగీతం అనం. "పల్లె ఉదయం" అంటాం. కవులు కోడికూతనీ, కోయిలనీ, గుడిగంటనీ పేరుపెట్టి పిలుస్తారు. చీపురు దగ్గరికొచ్చేసరికి అది ప్రకృతిలో భాగమైపోతుంది, మంచు కురిసినట్టూ పొద్దు పొడిచినట్టూ. దాన్ని పట్టుకున్న చెయ్యి కనపడదు.

అందరికీ చెవులకి అలవాటైన పాఠంతోనే మొదలుపెడతాను. శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం పదిహేనో శతాబ్దంలో మణవాళ మహాముని శిష్యుడు ప్రతివాది భయంకర అణ్ణన్ రాసింది. 29 శ్లోకాలు. మొదటి శ్లోకం మాత్రం ఆయనది కాదు, వాల్మీకి రామాయణం బాలకాండలోది. యాగాన్ని కాపాడ్డానికి అడవికి వెంటబెట్టుకెళ్ళిన రాముణ్ణి విశ్వామిత్రుడు నిద్రలేపే సందర్భం. ఆ శ్లోకంలో మొట్టమొదటి మాట ఒక తల్లి పేరు. కౌసల్యకి మంచి కొడుకువి, తెల్లవారుతోంది, లేచి చెయ్యాల్సినవి చెయ్యమంటాడు ముని. తల్లి పేరుతో మొదలైనందుకు ముచ్చటపడొచ్చు, నేనూ పడ్డాను. కానీ అంతకు ముందు రోజుల్లో ఆ పిల్లాణ్ణి లేపింది కౌసల్యే అయివుండాలి కదా! ఆమె ఎలా లేపేదో, ఏం పాడేదో మనకి తెలీదు. అన్నేళ్ళు తల్లి లేపిన లేపడం ఎక్కడా నమోదు కాలేదు. ముని లేపితే అది శ్లోకమై వేల ఏళ్ళు నిలబడింది.

మూడు, నాలుగు శ్లోకాలు లక్ష్మీదేవికి సుప్రభాతం పలుకుతాయి. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అయితే ఆమెని లేపేది ఆయన వక్షస్థలం మీద వుండే దేవిగా, ఆయన ప్రియురాలిగా. తర్వాత ఏడో శ్లోకంలో కొబ్బరిపూల, పోకపూల వాసన మోసుకొచ్చే గాలి వీస్తుంది. (ఏడుకొండల కంటే మా కోనసీమకి నప్పే శ్లోకం ఇది. అణ్ణన్ ఎక్కడ కూర్చుని రాశాడో గానీ.) ఎనిమిదిలో పంజరాల్లో చిలకలు పాత్రల్లో మిగిలిన అరటిపళ్ళూ పాయసమూ తిని పాడతాయి. ఇలా ఒక్కొక్క సాక్ష్యం చూపించి, తెల్లవారింది స్వామీ లేవయ్యా అంటారు. పదకొండో శ్లోకం దగ్గర నేను ఆగిపోతాను. గొల్లపల్లెల్లో ఆడవాళ్ళు గుంపులుగా పెరుగు చిలుకుతున్నారట. ఆ చప్పుడు ఎంత పెద్దదంటే కుండలూ దిక్కులూ కోపంతో దెబ్బలాడుకుంటున్నట్టుందట!

గొప్ప శ్లోకం. ఉత్ప్రేక్ష చాలా బాగుంది, కవి చెవి కూడా చాలా మంచిది. కానీ చూడండి, చిలక్కి ఆకలుంది, తిండుంది, పాటుంది. దేవుడికి నిద్ర వుంది. చల్ల చిలికే ఆడవాళ్ళకి చప్పుడు మాత్రమే వుంది. కోపం కూడా కుండలకీ దిక్కులకీ వచ్చింది గానీ వాళ్ళకి రాలేదు. వాళ్ళు ఏ ఝాముకి లేచారో, ఎవరు లేపారో శ్లోకానికి అక్కర్లేదు. వాళ్ళ పని ఒక గడియారం. తిరుమలలో రోజూ మొదటి తలుపు తీసేటప్పుడు ముందు నిలబడేది సన్నిధి గొల్ల, యాదవ వంశం మగవాడు. అది అక్కడి ఆచారం. గొల్ల మగవాడికి సన్నిధిలో హక్కుంది, గొల్ల ఆడవాళ్ళకి శ్లోకంలో చోటుంది.

ఇదే సుప్రభాతాన్ని గుళ్ళోంచి ఇళ్ళలోకి తెచ్చింది మాత్రం ఒక స్త్రీ గొంతు. 1963లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి, రాధా విశ్వనాథన్‌తో కలిసి పాడిన హెచ్ఎంవీ రికార్డు. గుళ్ళో గర్భాలయం ముందు పఠించేది మగవాళ్ళు, ఊళ్ళన్నీ వినేది ఆమెని. ఎమ్మెస్ 1916లో మదురైలో వీణ షణ్ముఖవడివు కూతురుగా, దేవదాసీ కుటుంబంలో పుట్టింది. కోనసీమ కూడా అప్పట్లో మద్రాసు రాష్ట్రమే. 1947లో వచ్చిన దేవదాసీ చట్టం మా గోదావరి జిల్లాల కలావంతుల్ని కూడా గుళ్ళలోంచి బైటికి పంపించింది. ఆ వ్యవస్థలో వున్న దోపిడీని నేను వెనకేసుకురాను. కానీ ఒక సంగతి వింతగానే వుంటుంది. ఏ స్త్రీలు గుడిలో ఆడకూడదు పాడకూడదని తేల్చారో, పదహారేళ్ళకి వాళ్ళలో ఒకామె గొంతు రికార్డు ఎక్కి, మెల్లగా ప్రతి గుడి మైకులోకీ చేరింది. మనిషికి లేని ప్రవేశం ప్లేటుకి దొరికింది. మైకు కింద నిలబడి దండం పెట్టుకునేవాళ్ళలో ఎంతమందికి ఈ చరిత్ర తెలుసు?

మైకు కంటే ముందు మా ఇళ్ళలో రేడియో. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. పొద్దున్నే వచ్చే "భక్తిరంజని"కి రూపకల్పన చేసింది బాలాంత్రపు రజనీకాంతరావుగారు. అంతకు ముందు ఆకాశవాణి సంకేత సంగీతం వచ్చేది. దాన్ని 1930ల్లో స్వరపరిచిన వాల్టర్ కౌఫ్‌మన్ హిట్లర్ కాలంలో ప్రాగ్ వదిలి మన దేశానికి వచ్చిన యూదు. ఆ ట్యూను శివరంజని రాగంలో వుంటుందని చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇల్లు కోల్పోయిన మనిషి కట్టిన ట్యూనుతో కోట్ల ఇళ్ళు నిద్రలేచాయి.

మా ఇంట్లో రేడియో పెట్టేది నాన్న. చెవి మెలితిప్పి స్టేషను కుదిర్చి, మంచం మీద కూర్చుని వినేవారు. రేడియో పలకడం మొదలుపెట్టేసరికి అమ్మ వాకిలి చిమ్మి, కళ్ళాపి జల్లి, ముగ్గేసి, పొయ్యి అంటించేసి వుండేది. అంటే "పొద్దున్న" అని మేం అనుకున్నది అమ్మకి పని మధ్యలో ఒక భాగం. భక్తిరంజని మాకు మేలుకొలుపు, ఆవిడకి టైము. అదిగో ఆ పాట అయ్యేలోపు పాలు కాగాలి, వార్తలయ్యేలోపు కారియరు కట్టాలి. అమ్మకి చాలా పాటలు వచ్చు, కానీ ఒక్కటీ కూర్చుని నేర్చుకున్నది కాదు. అన్నీ మొదటి చరణం బాగా వచ్చు, రెండో చరణంలో మాటలు మింగేసేది. రెండో చరణం టైముకి పెరట్లోకి వెళ్ళాల్సొచ్చేదేమో! ఒకసారి అడిగాను, నిన్నెవరు లేపేవారే అమ్మా అని. "లేపడమేవిటే? మెలకువ వచ్చేస్తుంది" అంది. అలా మెలకువ వచ్చెయ్యడం కూడా నేర్పిన విద్యేనని, పదమూడేళ్ళకే అత్తారింట్లో నేర్పారని వాళ్ళక్కగారు తర్వాత చెప్పారు. అందరికంటే ఆఖర్న పడుకుని అందరికంటే ముందు లేచే కోడలు మంచి కోడలు. ఈ సూత్రం మీద మన సంసారాలు నడిచాయి, నడుస్తున్నాయి.

ఇదంతా పాతకాలం మాట అనేవాళ్ళకి ఒక లెక్క. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకోని మగవాళ్ళు ఈ లెక్కలోకి రారు. ఈ దాదాపు అయిదు గంటల్లో ఎంత భాగం తెల్లవారేలోపు అయిపోతుందో ఏ ఇల్లాలినడిగినా చెప్తుంది.

ధనుర్మాసం వస్తే మా ఊళ్ళో ఇంకో రకం చప్పుళ్ళు. హరిదాసు తలమీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు. జంగందేవర గంట, శంఖం. ఇంకా చీకటుండగానే బుడబుక్కలవాడి డమరుకం. పాటలు వాళ్ళవి, గుమ్మంలోకి బియ్యం తెచ్చి పోసేది ఆడవాళ్ళు. మగవాళ్ళ పాటకి ఎదురుగా చేటలో బియ్యం పట్టుకుని నిలబడి వుండటం, అంతే ఆడవాళ్ళ పాత్ర.

కానీ అదే మాసంలో తిరుమలలో సుప్రభాతం ఆగిపోతుంది. దాని బదులు తిరుప్పావై చదువుతారు. శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి ముప్ఫై పాశురాలు. ఏడాదిలో ఒక నెల దేవుడు ఒక ఆడపిల్ల మాటలకి లేస్తాడు. ఇందులో మనవాళ్ళు ఎక్కువగా మాట్లాడేది భక్తినీ శరణాగతినీ గురించి. నాకు ఇందులో ముఖ్యంగా కనపడేది వేరే. దేవుడి గుమ్మం దాకా వెళ్ళకముందు, ఆరో పాశురం నించి పదిహేనో పాశురం దాకా పది పాశురాల్లో గోద లేపేది తోటి ఆడపిల్లల్ని. ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టి లేపుతుంది. ఏడో పాశురంలో ఇక్కడా పెరుగు చిలికే చప్పుడుంది. అయితే చిలికే ఆడవాళ్ళ మెళ్ళో నగలు గలగలలాడతాయి, వాళ్ళ జుట్టు వాసన వస్తుంది. చప్పుడు వెనక వొళ్ళున్న మనుషులున్నారు. అణ్ణన్ శ్లోకంలో కుండలు పోట్లాడుకుంటే గోద పాశురంలో ఆడవాళ్ళు కదులుతారు.

ఇంక ఆ నిద్రపోయే పిల్లలు! తొమ్మిదో పాశురంలో ఒకతె మణిమేడలో, చుట్టూ దీపాలు వెలుగుతుండగా, ధూపం వేసుకుని మరీ పడుకుంది. అత్తా, నీ కూతురు మూగదా చెవిటిదా, ఎవరైనా మంత్రం వేశారా అని తల్లినడుగుతారు. పదో పాశురంలో ఇంకొకతెని, కుంభకర్ణుడు నీ దగ్గర ఓడిపోయి తన నిద్రంతా నీకిచ్చి పోయాడా అని వెక్కిరిస్తారు. పదిహేనో పాశురంలో పిల్ల లోపల్నించే ఎదురు జవాబు చెప్తుంది. ఆడపిల్లకి ఇంత నిద్రనీ, ఇంత బద్ధకాన్నీ, మందలింపు కాకుండా పరాచికంగా ఇచ్చిన పాఠం మన భాషల్లో ఇంకెక్కడుంది? "ఆడపిల్లవి, పొద్దెక్కేదాకా పడకేంటి" అనే గొంతు ఇక్కడ లేదు. నువ్వు లేకపోతే మా జట్టు నిండదు, రా, అనే గొంతుంది.

ఈ పాశురాలు చదివినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది గుడి కాదు, నాట్ల జట్టు. సార్వా నాట్లప్పుడు పేటలోంచి కూలికి వెళ్ళే ఆడవాళ్ళు చీకటితోనే ఒకళ్ళ నొకళ్ళు కేకేసుకునేవాళ్ళు. మొదట లేచినామె పక్క గుమ్మం దగ్గర నిలబడి పిలిచేది, ఆ ఇద్దరూ ఇంకో గుమ్మానికి. వీధి చివరికొచ్చేసరికి గుంపు. ఆలస్యం చేసినామె మీద మొగుడి పేరు పెట్టి మోటు హాస్యం, లోపల్నించి అంతకంటే మోటు జవాబు. ఇప్పుడు గుమ్మం ముందు కేక బదులు ఆటో హారనూ, ఫోనులో మిస్డ్ కాలూ. గోద పది పాశురాల్లో పెట్టిన సంబంధం బ్రాహ్మణ వీధి వ్యాఖ్యానాల్లో కంటే ఈ పేటలో ఎక్కువ బతికుంది. ఇది తిరుప్పావై ప్రవచనాల్లో ఎవరూ చెప్పరు. వాళ్ళని నిద్రలేపేది కూలి అని, దాంట్లో కవిత్వం వెతకడం నాలాంటి మంచం మీంచి విన్నవాళ్ళ విలాసమని ఒక స్నేహితురాలు గట్టిగానే అంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం పేరు "నల్లపొద్దు". ఆ పేరు తెలిసిన వాళ్ళెవరూ పొద్దు పొడుపుని ఒట్టి అందంగా చూడలేరు. అయినా ఆ కేకల్లో వున్న చనువు నేను ఊహించింది కాదు, విన్నది.

మైకుల దగ్గరికి మళ్ళీ వస్తాను. కోనసీమలో తెల్లవారుజామున గుడి మైకుకి పోటీగా చర్చి మైకు పలుకుతుంది. వీటిలో ఏ పాట ఎవరికి మేలుకొలుపో ఎవరికి గోలో కులాన్ని బట్టి, పేటని బట్టి వుంటుంది. జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టినందుకు 2022 మేలో అమలాపురం తగలబడింది. అలాంటి చోట పొద్దున్నే ఎవరి గొంతు ఎంత పెద్దగా వినపడాలనేది చిన్న విషయం కాదు. ఎవరి మైకు ముందు అనే తగాదాలో రెండు పక్కలా మాట్లాడేది మగ పెద్దలే. రాత్రి పది నించి పొద్దున్న ఆరు దాకా మైకులు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. 2005 జులైలో సుప్రీంకోర్టూ నొక్కి చెప్పింది. కోర్టు ఆ తీర్పులో నిద్ర గురించి, మనశ్శాంతి గురించి మాట్లాడింది. రాత్రి పదకొండుకి గిన్నెలు తోముకుని నడుం వాల్చి, నాలుగున్నరకి లేవాల్సిన మనిషికి ఆ హక్కు మైకు వల్లే పోతోందా? మైకు కట్టేస్తే వస్తుందా?

నిద్రని సాహిత్య విషయం చేసిన రచయిత్రి మనకి ఒకరున్నారు. రాజమండ్రిలో పుట్టిన అబ్బూరి ఛాయాదేవిగారు. ఆమె "సుఖాంతం" కథలో ఇల్లాలికి జీవితమంతా ఒకటే కోరిక, కంటినిండా నిద్ర. పుట్టింట్లోనూ కుదరదు, అత్తింట్లోనూ కుదరదు, పిల్లలతో కుదరదు, పెద్దతనంలో పట్టదు. చివరికి నిద్రమాత్రలు మింగి పడుకుంటుంది. కథకి పెట్టిన పేరు చూడండి! ఛాయాదేవిగారి వ్యంగ్యం ఎప్పుడూ మెత్తగా కోస్తుంది. ప్రేమ, స్వేచ్ఛ, చదువు, ఆస్తి గురించి ఎన్నో కథలొచ్చాయి. వాటి పక్కన ఇంత మామూలు కోరికతో కథ రాయొచ్చని ఆమెకి తోచడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా ప్రాంతం నించి కువైట్‌కీ మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్ళి వచ్చిన ఆడవాళ్ళతో మాట్లాడినప్పుడు జీతం గురించి రెండు మాటలు చెప్తారు, నిద్ర గురించి పది మాటలు చెప్తారు. అక్కడ తమని లేపిన బెల్లు చప్పుడు ఊరికొచ్చి ఏళ్ళయినా చెవిలో వుందని ఒకామె అంది.

తెలుగు ఆడవాళ్ళ పాటల్లో దీనికంతటికీ తలకిందులైన పాట ఒకటుంది. "ఊర్మిళాదేవి నిద్ర". అన్న వెంట అడవికి వెళ్ళిన లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు నిద్రపోలేదు. అన్నేళ్ళూ ఊర్మిళ నిద్రపోయింది. పట్టాభిషేకం అయ్యాక సీత గుర్తుచేస్తే అప్పుడు లక్ష్మణుణ్ణి పంపిస్తారు. ఆడది పడుకుని వుండగా మగవాడు పక్కన కూర్చుని లేపడం, నాకు తెలిసి మన మేలుకొలుపుల్లో ఇదొక్కటే. ఆమె లేచి సుప్రభాతం చెప్పదు. నువ్వెవరు, పరాయి ఆడదాని పడకమీదికి ఎందుకొచ్చావు అని నిలదీస్తుంది. మా నాన్న జనకుడికి తెలిస్తే ఏమవుతుందో తెలుసా అంటుంది. ఇంద్రుడికి పట్టిన గతి, రావణుడికి పట్టిన గతి గుర్తుచేస్తుంది. వాల్మీకి ఊర్మిళకి పెళ్ళి చేసి వదిలేశాడు. ఆడవాళ్ళు ఆమెకి పద్నాలుగేళ్ళ నిద్రనీ, లేవగానే ఇంత నోరునీ ఇచ్చారు. వెల్చేరు నారాయణరావుగారు 1991లో ఇంగ్లీషులో అచ్చయిన వ్యాసంలో ఈ స్త్రీల రామాయణపు పాటల్ని వివరంగా పరిశీలించారు. ఇవి ఎక్కువగా అగ్రవర్ణ స్త్రీల ఇళ్ళలో పాడుకునేవని, పనిలో పాడుకునే శ్రామిక స్త్రీల పాటలు వేరేగా వుంటాయని కూడా చెప్పారు. ఆ తేడా గుర్తుంచుకోవాలి. నాట్ల జట్టుకి పద్నాలుగేళ్ళ నిద్ర ఊహకి కూడా దొరికే వస్తువు కాదేమో.

ఓల్గా 2010లో "విముక్త" కథల్లో ఈ ఊర్మిళని మళ్ళీ తీసుకుంది. ఆ కథలో అది నిద్ర కాదు. ఊర్మిళ తలుపులు మూసుకుని తనలో తాను సత్యాన్ని వెతుక్కుంటుంది, లోకం దాన్ని నిద్రనుకుంటుంది. సీతకి దారి చూపించగలిగేంత తెలివిడితో బైటికొస్తుంది. ఆ కథని నేను చాలా ఇష్టంగా చదువుకున్నాను. అధికారాన్ని గురించి ఊర్మిళ సీతకి చెప్పే మాటలు తెలుగులో వచ్చిన బలమైన స్త్రీవాద వచనంలో లెక్కపెట్టదగ్గవి. అయినా ఒకచోట నాకు పేచీ వుంది. పద్నాలుగేళ్ళు ఆడది నిద్రపోయిందంటే మనకి కూడా ఒప్పుకోబుద్ధి కాలేదా? దాన్ని ధ్యానం చేస్తే తప్ప, ఎరుక చేస్తే తప్ప, ఏదో ఒక పనికొచ్చేదిగా మారిస్తే తప్ప గౌరవం దక్కదా? అత్తగారు అడిగిన లెక్కనే మనం ఇంకో భాషలో అడుగుతున్నట్టు అనిపిస్తుంది నాకు. పాట కట్టిన ఆడవాళ్ళు అలాంటి లెక్క అడగలేదు. ఒట్టి నిద్రే ఇచ్చారు. మొగుడు అన్నని ఎంచుకుని వెళ్ళిపోతే ఆమె ముసుగుతన్ని పడుకుంది. అందులో కోపం వుందా, దుఃఖం వుందా, హాయి వుందా అని పాట తేల్చి చెప్పదు.

మా అమ్మమ్మకి ఈ పాట వచ్చు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యి, వంటిల్లు కడిగాక, వసారాలో చల్లటి గచ్చు మీద చెంగు పరుచుకుని పడుకుని పాడేది. పక్కన మేం పిల్లలం. ఊర్మిళ ఉలిక్కిపడి లేచి, ఎవరు నువ్వని అడిగేదాకా బాగానే వచ్చేది. అక్కణ్ణించి గొంతు మందగించి, మాటలు దూరమైపోయి, ఆగిపోయేది. లక్ష్మణుడు తన పేరు చెప్పుకోవడం, ఆమె గుర్తుపట్టడం, తర్వాత తలంట్లూ విందూ అవన్నీ నేను పెద్దయ్యాక పుస్తకంలో చదివాను. మా ఇంట్లో ఆ పాట ఎప్పుడూ అంతదాకా వెళ్ళలేదు, అమ్మమ్మ నిద్రపోయేది.